ఉప్పుచావిడి పూర్వస్థితి

మా ఆఫీసు పూర్తి పేరు రాతి వారసత్వ పూర్వస్థితి పునరుద్ధరణ సంస్థ, గుమ్మడివలస ప్రాంతీయ కార్యాలయం. ఈ పేరు మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగినవాళ్లు మా దగ్గర ఇద్దరే ఉండేవారు. ఒకాయన రిటైరైపోయాడు. రెండోవాణ్ణి నేను, మండా కూర్మారావుని, సూపరింటెండెంటుని. ఊళ్లోవాళ్లు మాత్రం రాళ్లాఫీసు అంటారు. నేను చాలా ఏళ్లు వాళ్లని సరిదిద్ది, ఇక ఓపిక లేక మానేశాను.

ఈ పూర్వస్థితి గొడవ ఎలా మొదలైందో ముందు చెప్పాలి. ఎవరో ఒక పెద్దమనిషి ఎక్కడో పాత కోట చూడబోయాడట. కోటగోడకి ఆకుపచ్చ పెయింటు కనిపించింది. "ఛీ, ఇదేం దరిద్రమయ్యా! అన్నీ ముందెలా ఉండేవో అలా చేసెయ్యండి" అని కారెక్కి వెళ్లిపోయాడు. ఆయనన్నది అంతే. వారం తిరక్కుండా మా పై ఆఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. "సంరక్షిత శిలా నిర్మాణములన్నింటిని వాటి పూర్వస్థితికి తీసుకొనిరావలెను. పూర్వస్థితికి భిన్నమగు ఏ పనియు చేపట్టరాదు." ముందు అంటే ఎంత ముందు అన్న సంగతి అందులో లేదు. రాసినవాడికి బస్సు టైమయి ఉంటుంది, పాపం.

మా పరిధిలో ఉన్న నిర్మాణాల్లో ఉప్పుచావిడి ఒకటి. సముద్రం వైపు నుంచి కొండల్లోకి ఉప్పు తోలే బండ్లు పూర్వం ఆగేవి అక్కడ. ఎదురుగా ఉన్న కొండరాయితోనే కట్టారు. పన్నెండు స్తంభాలు, పైన బండలు, గోడల్లేవు. సంతరోజున ఎండొచ్చినా వానొచ్చినా జనమంతా దానికిందే. ఈశాన్యం మూల స్తంభానికి వీపానించుకుని అసిరమ్మ చోడి అంబలి, అదే రాగంబలి, అమ్ముతుంది. నాకు షుగరొచ్చినప్పట్నుంచి మధ్యాహ్నం పూట నా భోజనం ఆ అంబలే, నంచుకోడానికి ఒక ఉల్లిపాయ. కాబట్టి ఈ కథలో నాకు బొత్తిగా స్వార్థం లేదని చెప్పను.

ఆ వేసవిలో డాక్టర్ గొర్లె తవిటినాయుడు గారొచ్చారు. డాక్టరంటే సూదేసే డాక్టరు కాదు, జియాలజీ ప్రొఫెసరు. ముప్పై ఏళ్లుగా మా తూర్పుకొండల రాళ్ల మీద పరిశోధన. ఈ కొండలెలా పుట్టాయి, ఈ రాయి ఎలా తయారైంది, ఈ రాయితో కట్టిన పాత కట్టడాలు ఎందుకు రాలిపోతున్నాయి, ఇవే ఆయనకి తిండీ నిద్రాను. మనిషి నెమ్మది. మెడలో చిన్న భూతద్దం, నడుముకి సుత్తి. మనం మొహం చూసి పలకరిస్తామే, ఆయన ఎవరింటికెళ్లినా ముందు గడపరాయి చూసి పలకరిస్తారు.

ఆయన వచ్చీ రాగానే అసిరమ్మని కాస్త పక్కకి జరగమని, ఆ స్తంభం మొదట్లో వేలితో రాసి, నాలిక మీద వేసుకున్నారు.

"ఉప్పు" అన్నారు.

"ఉప్పుసావిడి కదేటి బావూ, మరి ఉప్పుగుండదేటి?" అంది అసిరమ్మ. "సుట్టూ తిరగడమెందుకు, అంబలి తాగుతారా తాగరా?"

ఆయన అంబలీ తాగారు, సంగతీ చెప్పారు. ఈ రాయి నీళ్లు తాగే రాయి. తాగుతుంది, మళ్లీ ఎండకి ఆరిపోతుంది. అలా మూడొందల ఏళ్లు సుఖంగా బతికింది. కిందటి పదేళ్లలోనే జబ్బు చేసింది. ఎందుకంటే సుందరీకరణ పథకం కింద ఎవరో మహానుభావులు స్తంభాల మొదళ్ల చుట్టూ మోకాలెత్తున సిమెంటు మెత్తారు. ఇప్పుడు నేల తడి రాయిలోకి ఎక్కుతుంది గాని బయటికి పోయే దారి లేదు. తడితోపాటు వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి రాయిని లోపల్నుంచి పగలదోస్తోంది. ఆ మహానుభావులు మా ఆఫీసువాళ్లేనని నేను చెప్పలేదు. సిమెంటు మీద మా బోర్డే ఉంది కాబట్టి ఆయనా అడగలేదు.

ఆయన స్తంభం పక్కన అరచెయ్యి పట్టి, సిమెంటుకి పైన రాతి మీద మెల్లగా తట్టారు. ఎర్రటి ఇసక చేతినిండా రాలింది.

"చూశారా కూర్మారావుగారూ, ఇది ఈ వానాకాలం గట్టెక్కదు. ఈ మూల కూర్చుందంటే పై బండలన్నీ సంతజనం నెత్తినే. ముందుగా ఈమె మీద."

"నానెక్కడికీ ఎల్లను" అంది అసిరమ్మ వెంటనే. "మాయత్త ఈడే అమ్మినాది. నానూ ఈడే అమ్ముతాను."

"నువ్వు వెళ్లక్కర్లేదమ్మా. సిమెంటు వెళ్లాలి" అన్నారు ప్రొఫెసరు. "ఇద్దరు మనుషులు, రెండు గునపాలు, ఒక్క పూట పని. సిమెంటు కొట్టేసి, సందుల్లో సున్నం పెట్టి, వాననీరు పోవడానికి పక్కన చిన్న కాలవ తీస్తే సరి. రాయి దానంతట అదే ఆరుతుంది."

ఒక్క పూట పని! నాకాయన మీద జాలేసింది. ఒక్క పూటలో అయ్యే పనికి మా ఆఫీసులో అనుమతి దొరకదు. అలాంటిదాన్ని ఏ పద్దు కింద రాయాలో మాకు తెలీదు.

*

మీటింగు పెట్టారు. మా డైరెక్టరు పెన్మెత్స విజయగోపాలరాజు గారు. మంచివాడే. మంచినీళ్లడిగినా "సూత్రప్రాయంగా నాకు దాహంగా ఉంది" అంటాడు. పక్కన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. మినిట్సు రాయడానికి నేను.

"సిమెంటు తొలగింపు ప్రతిపాదనను మేము సమగ్ర దృక్పథంతో పరిశీలించాము" అన్నారు డైరెక్టరు. "అయితే ఉత్తర్వు ప్రకారం పూర్వస్థితికి భిన్నమైన పని చేపట్టరాదు. కావున ముందుగా పూర్వస్థితి ఏదో నిర్ధారించవలసి ఉన్నది. ప్రొఫెసరు గారూ, సిమెంటుకి పూర్వం స్థితి ఏమిటి?"

"వట్టి రాయి సార్. సందుల్లో సున్నం."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగితే పని అయిపోయినట్టే. కాని డైరెక్టరుకి ఒక్క ప్రశ్నతో మీటింగు ముగిస్తే టీ వేళకి ఏం చెయ్యాలో తోచదు.

"అంతకుముందు?"

"మూడొందల ఏళ్ల కిందట ఉప్పు వర్తకులు కట్టించారు సార్."

"అంతకుముందు?"

"కట్టక ముందు చావిడి లేదు కదండీ."

"లేదు అని మినిట్స్‌లో రాయలేము. రాయి ఎక్కడో ఉండాలి కదా. ఎక్కడ ఉన్నది?"

"ఎదురుగా కొండలో సార్."

"అంతకుముందు?"

బల్ల కింద నుంచి ప్రొఫెసరు గారి కాలు తొక్కాను. లాభం లేకపోయింది. కల్లు మానినవాడికి ముంత చూపించకూడదు, జియాలజిస్టుని అంతకుముందు అని అడగకూడదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మొహం వెలిగిపోతోంది. ముప్పై ఏళ్లలో ఒక ప్రభుత్వాధికారి ఆయన్ని ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"అంతకుముందు ఈ కొండే లేదు సార్! ఈ రాయి భూమి లోపల పాతిక కిలోమీటర్ల లోతున ఉండేది. తొమ్మిదొందల డిగ్రీల వేడిలో ఉడికింది. అప్పుడు మన తీరం పక్కన సముద్రం లేదు. అంటార్కిటికా ఉంది, మన గట్టుకి ఆనుకుని. రెండు నేలలూ గుద్దుకుంటే మధ్యనున్నదంతా నలిగి, మడతలు పడి, కొండలై లేచింది. వంద కోట్ల ఏళ్ల కిందటి మాట. ఆ కొండలు అరిగీ అరిగీ, ఇన్నాళ్లకి లోపలి రాయి మనకి కనబడుతోంది."

నిజం చెప్పాలంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. నేను రోజూ అంబలి తాగుతూ వీపు గోక్కునే రాయి అది.

"అద్భుతం" అన్నారు డైరెక్టరు. "అంతకుముందు?"

"సముద్రం అడుగున బురదా ఇసకా సార్."

డైరెక్టరు ఇంజినీరు వైపు చూశారు. ఇంజినీరు తల అడ్డంగా ఊపాడు. "సముద్రం మత్స్యశాఖ పరిధి సార్. మనం వెళ్తే వాళ్లు ఒప్పుకోరు."

"అయితే పాతిక కిలోమీటర్ల దగ్గరే ఆగుదాం" అన్నారు డైరెక్టరు. "ఏది ఎంత పాతదైతే అంత వారసత్వం. మూడొందల ఏళ్లు ఏ ఆఫీసువాళ్లయినా చేస్తారు. మనం వంద కోట్ల ఏళ్లు చేసి చూపిద్దాం."

ప్రొఫెసరు గారికి అప్పటికి గాని జరిగింది అర్థం కాలేదు. "సార్, అది... అలా చెయ్యమని కాదు సార్ నేను చెప్పింది. సిమెంటు..."

"తమ వినయం మాకు తెలుసు" అంటూ డైరెక్టరు లేచిపోయారు.

మా మినిట్సుకి ఒక ఆచారం ఉంది. చర్చ ఎటు తిరిగినా, లేచే ముందు డైరెక్టరు ఏమన్నారో అదే తీర్మానం. నేను రాశాను: ఉప్పుచావిడి పూర్వస్థితి, భూమికి పాతిక కిలోమీటర్ల లోతు. ఉష్ణోగ్రత తొమ్మిది వందల డిగ్రీలు. తూర్పు హద్దు, అంటార్కిటికా.

*

మిగతా విషయాల్లో మా ఆఫీసు ఎలాంటిదైనా, తప్పుదారిలో మాత్రం మహా చురుగ్గా నడుస్తుంది. మర్నాడే ఉత్తరాలు బయల్దేరాయి.

పాతిక కిలోమీటర్లు తవ్వే యంత్రం ఉందా అని బోర్లు వేసే శాఖనడిగాం. వెయ్యడుగులు దాటితే మా రిగ్గు పొగ కక్కుతుంది, పైగా నీళ్లు పడకపోతే బాధ్యత మాది కాదు అని రాశారు. తొమ్మిదొందల డిగ్రీల వేడి నిరంతరాయంగా కావాలని కరెంటు వాళ్లకి రాశాం. ఏ కేటగిరీ కింద ఇమ్మంటారు, గృహావసరమా వ్యవసాయమా అని అడిగారు. ఇంజినీరు రెండు రోజులు ఆలోచించి వ్యవసాయం అన్నాడు. పగలు ఏడు గంటలు మాత్రమే ఇవ్వగలం అని జవాబొచ్చింది.

తూర్పు హద్దు సంగతి తేల్చాలి కదా. పొరుగువారికి అభ్యంతరం లేదన్న పత్రం లేకుండా మా దగ్గర మరుగుదొడ్డి తలుపు కూడా మార్చరు. కాబట్టి అంటార్కిటికాకి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాం. కొన్నాళ్లకి "చిరునామాదారు లేరు" అన్న ముద్రతో తిరిగొచ్చింది.

"నోటీసు పంపినా హాజరు కాలేదు" అన్నారు డైరెక్టరు తృప్తిగా. "కావున వారికి అభ్యంతరం లేనట్లే భావించడమైనది."

ప్రొఫెసరు గారు రోజూ వచ్చేవారు. ఒకరోజు బతిమాలేవారు, ఒకరోజు బొమ్మలు గీసి చూపించేవారు, ఒకరోజు గొంతు పెంచేవారు. ఏం చెప్పినా డైరెక్టరు నోటివెంట ఒకటే మాట. "మూలం తమరే కదా ప్రొఫెసరు గారూ! ప్రాజెక్టు నివేదికలో ముందు తమ పేరే వేయించాను." పుండు మీద కారం చల్లడం అంటే అదే.

చివరికి ఇంజినీరు మార్గం కనిపెట్టాడు. పాతిక కిలోమీటర్లూ ఒకేసారి దించనక్కర్లేదు, దశలవారీగా దించుదాం. మొదటి దశలో చావిడి విప్పదీసి, రాళ్లన్నీ ముప్పై అడుగుల గోతిలో పేర్చి మట్టి కప్పాలి. మిగతా లోతు నిధుల లభ్యతను బట్టి. పని సోమవారం మొదలు.

అసిరమ్మకి నోటీసు టైపు చేసింది నేనే, పట్టుకెళ్లిందీ నేనే. "పూర్వస్థితియందు సదరు లోతున ఎట్టి అంబలి దుకాణమును ఉన్న దాఖలా లేనందున, మీరు తక్షణము ఖాళీ చేయవలెను."

చదివి వినిపించాను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"ఏటేటీ, మళ్లీ సెప్పండి. వంద కోట్ల ఏళ్ల కిందట నాను ఈడ లేనని లెగిపొమ్మంటారా?"

"అలాగే రాసుంది అసిరమ్మా."

"అప్పుడు మీ డైరెట్రుగోరున్నారేటి?"

"లేరు."

"మీ ఆఫీసుందేటి?"

"లేదు."

"మరి ముందు ఆళ్లనెల్లమనండి! నా తరవాత సూద్దాం." గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది, "నిజంగా ఇప్పేస్తారా బావూ? ఎండొచ్చినా వానొచ్చినా మాకింకేటున్నాది ఈ ఊర్లో?"

నేను ముంత పట్టుకుని ఆ పక్కకి వెళ్లాను.

అక్కడ ప్రొఫెసరు గారు స్తంభం పక్కన నేలమీద కూర్చుని ఉన్నారు. శనివారం మధ్యాహ్నం. కొండ వెనక అప్పుడే మబ్బు కమ్ముతోంది. ఆయన చేతిలో ఎర్ర ఇసక. వేళ్ల సందుల్లోంచి వదిలేస్తున్నారు.

"ముప్పై ఏళ్లు ఈ రాళ్ల వెంట తిరిగాను కూర్మారావుగారూ. పుస్తకాలు రాశాను, పై దేశాలెళ్లి మాట్లాడాను. ఒక్క చావిడి నిలబెట్టలేకపోయాను. పైగా నా నోటితో నేనే దీన్ని పాతిపెట్టిస్తున్నాను." ఆయన స్తంభాన్ని రెండో చేత్తో నిమిరారు. "బతికున్న రాయండీ ఇది. కాస్త గాలాడనిస్తే ఇంకో వెయ్యేళ్లుంటుంది."

ఇంత చదువుకున్న మనిషి అలా కూలబడిపోతే చూడ్డం నావల్ల కాలేదు.

"ప్రొఫెసరు గారూ, తమరు చేసే తప్పేమిటో చెప్పమంటారా? వచ్చిన రోజు నుంచీ 'కాదు' అంటున్నారు. మా ఆఫీసులో ఆ మాట ఎవరికీ వినబడదు. మొదలుకాని పని ఉందనుకోండి, మొదలెట్టిస్తారు. అయిపోయిన పనుందనుకోండి, తప్పులు పడతారు. జరుగుతున్న పని జోలికి మాత్రం ఎవడూ వెళ్లడు. కాబట్టి 'జరుగుతోంది' అనండి."

"ఏం జరుగుతోంది?"

"చావిడి కిందికి దిగుతోంది. దిగడం లేదా? నేలలు కదుల్తాయని తమరే కదా అన్నది."

ఆయన ఒక నిమిషం నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. తర్వాత ఆలోచనలో పడ్డారు. "కదులుతున్నాయి. మనం కూర్చున్న ఈ నేల ఏడాదికి రెండంగుళాల చొప్పున ఉత్తరానికి పోతోంది. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఏదో నేల వచ్చి గుద్దుకోవచ్చు. దీనిమీద కొత్త కొండలు లేవచ్చు, ఇది అడుక్కి పోవచ్చు... పాతిక కోట్ల ఏళ్లు పట్టొచ్చు."

"ఆగకుండా జరుగుతోందా?"

"ఆగడమేమిటి! భూమి ఎవరికోసం ఆగుతుందండీ?"

"అంతే, అది చెప్పండి. సిమెంటు ఆ పనికి అడ్డంగా ఉందని కూడా చెప్పండి."

ఆయన ఉలిక్కిపడ్డారు. "అది సైన్సు కాదు!"

"అబద్ధమా?"

"అబద్ధమనీ అనలేను... ఆ సిమెంటు దేనికైనా అడ్డమే. కాని నిజమనీ అనలేనండీ."

"నిజమూ కాక, అబద్ధమూ కాక, మధ్యలో నిలబడే వాక్యాన్నే మేం నివేదిక అంటాం" అన్నాను. "లేవండి. డైరెక్టరు గారు శనివారాలు నాలుగింటిదాకా ఉంటారు."

ఆయన చేతిలో మిగిలిన ఇసక జేబులో వేసుకుని లేచారు.

*

"సార్" అన్నారు ప్రొఫెసరు గారు. "ఉప్పుచావిడి పూర్వస్థితి పునరుద్ధరణ పనులు ఇప్పటికే ప్రారంభమై, ఆటంకం లేకుండా సాగుతున్నాయని తమకి తెలియజేయడానికి వచ్చాను."

డైరెక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ప్రారంభమైనవా? ఎవరు చేస్తున్నారు?"

"భూమి సార్."

"ఏ ఏజెన్సీ అది? టెండరు పిలవకుండానే?"

"నామినేషన్ పద్ధతి మీద సార్" అన్నాను నేను.

"అనుభవం ఉన్నదా?"

"హిమాలయాలు ఆ ఏజెన్సీ కట్టినవే సార్" అన్నారు ప్రొఫెసరు గారు.

ఇంజినీరు మెచ్చుకోలుగా తలూపాడు. హిమాలయాలు అతను హనీమూన్‌కి వెళ్లి చూసొచ్చాడు.

"గడువు?"

"పాతిక కోట్ల ఏళ్లు సార్."

డైరెక్టరు కళ్లు మూసుకుని లెక్కేసుకున్నారు. ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "మన వాగు మీద కల్వర్టుతో పోల్చుకుంటే సహేతుకమే సార్."

"మరి సోమవారం విప్పదీత పని?"

ఇక్కడ నేను అందుకున్నాను. "ఒక ఏజెన్సీ చేస్తున్న పనిలో ఇంకో ఏజెన్సీ చెయ్యి పెట్టకూడదని రూలుంది సార్. రేపు పని చెడితే ఎవరి బాధ్యతో తేలదు. ఆడిట్‌లో పట్టుకుంటారు."

ఆడిట్ మాట వింటే డైరెక్టరు గారు గ్లాసులో నీళ్లు తాగుతారు. తాగారు. తాగి మూతి తుడుచుకుని, దిగులుగా అడిగారు. "అయితే మన సంస్థ చేయవలసిన పని ఏమియు లేదా?"

నేను ప్రొఫెసరు గారి వైపు చూశాను. ఆయన కళ్లు నేలకేశారు. జేబులో చెయ్యి పెట్టారు. ఇసకని పట్టుకున్నారనుకుంటాను.

"ఉంది సార్" అన్నారు. "స్తంభాల చుట్టూ ఉన్న సిమెంటు ఈ పనికి అడ్డంగా ఉంది. దాన్ని తీసి, నీరు పోయే కాలవ తవ్వాలి. వానలు పడేలోపల."

డైరెక్టరు మొహం చాటంతైంది. "అవరోధ నిర్మూలన కార్యక్రమం! రేపే చేపట్టుడు. ప్రారంభోత్సవం మా చేతుల మీదుగా."

"ఇంకొక్క మనవి సార్" అన్నాను. "ఎంత దిగిందో రోజూ చూసే మనిషి అక్కడుండాలి. ఈశాన్యం మూలన ఒకామె ఎలాగూ కూర్చుంటోంది. జీతం అక్కర్లేదు. నోటీసు ఒకటి వెనక్కి తీసుకుంటే సరిపోతుంది."

"సూత్రప్రాయంగా అంగీకరించడమైనది" అన్నారు డైరెక్టరు లేస్తూ. నేను వెంటనే మినిట్సు రాసేశాను. ఇంకో మాట ఆయన నోట రాకుండా తలుపు కూడా నేనే తీశాను.

ఆదివారం పొద్దున్న గునపానికి బంతిపూల దండ కట్టారు. డైరెక్టరు గారు కొబ్బరికాయ కొట్టి, గునపంతో సిమెంటుని ఒక్క పోటు పొడిచి, ఫొటో తీయించుకుని వెళ్లిపోయారు. తర్వాత ఇద్దరు మనుషులు మిగతాదంతా కొట్టేశారు. మధ్యాహ్నానికి అయిపోయింది. ఒక్క పూట పని అని ప్రొఫెసరు గారు చెప్పినట్టే. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ప్రతి సందులోనూ తన చేత్తో సున్నం పెట్టారు. సాయంత్రానికి వాన పట్టుకుంది. కొత్త కాలవలోంచి నీళ్లు గలగలా రోడ్డుకి అడ్డంపడి పోతుంటే, అసిరమ్మ పొయ్యి ఒకచేత్తో కాపాడుకుంటూ, "ఏటయ్యా ఈ బురద" అని మమ్మల్ని తిట్టింది.

*

వానాకాలం వెళ్లింది. కార్తీకంలో ప్రొఫెసరు గారు మళ్లీ వచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా ఈశాన్యం స్తంభం దగ్గరికెళ్లి, అరచెయ్యి కింద పట్టి, రాతి మీద తట్టారు. ఏమీ రాలలేదు. ఇంకోసారి తట్టారు. రాలలేదు. అలాగే స్తంభానికి చెంప ఆనించి నిలబడిపోయారు. ఆయన కళ్లు చెమర్చాయి. నాకూ చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

విజయగోపాలరాజు గారికి ఈ ప్రాజెక్టు మీదే ప్రమోషనొచ్చి వెళ్లిపోయారు. కొత్త డైరెక్టరు గారు వచ్చిన వారానికే టేపు పట్టుకుని చావిడి తనిఖీకి బయల్దేరారు. ఆయన మహా స్ట్రిక్టు.

"ఇంతవరకు ఎంత దిగినది?" అని అసిరమ్మని అడిగారు.

"ఇంకా ఏటీ దిగనేదు బావూ" అంది అసిరమ్మ. "నాను రోజూ సూత్తన్నాను. దిగితే ముందు మీకే కబురెడతాను."

కొత్తాయన మొహం ముడుచుకుంది. ఆఫీసుకి రాగానే ప్రొఫెసరు గారి పేర మెమో వెళ్లింది. "పని ప్రారంభమై సంవత్సరము కావచ్చుచున్నను దిగుదల శూన్యము. జాప్యమునకు కారణములు తెలుపవలెను." భూమి ఆలస్యానికి తనని సంజాయిషీ అడగడం ఉద్యోగంలో ఇదే మొదటిసారని ప్రొఫెసరు గారు ఫోన్లో ఒకటే నవ్వు. సంజాయిషీ మాత్రం పద్ధతిగానే రాశారు. ఏజెన్సీ ప్రస్తుతం వేరే చోట్ల పనుల్లో ఉందని, ఇచ్చిన గడువు చాలదని, మరో అయిదు కోట్ల ఏళ్లు పొడిగించాలని.

అయిదు కోట్లు మరీ ఎక్కువన్నారు కొత్త డైరెక్టరు గారు. నెల్లాళ్లు బేరాలు నడిచాయి. చివరికి మూడు కోట్లకి ఒప్పుకున్నారు, ఇదే ఆఖరి పొడిగింపు అన్న షరతు మీద.

ఆ ఉత్తర్వు పట్టుకుని నేనే చావిడికి వెళ్లాను. సంతరోజు. చినుకులు పడుతున్నాయి. చావిడి కింద అడుగుపెట్టే చోటు లేదు. అసిరమ్మ నాకోసం స్తంభం పక్కన కాస్త జాగా చేసి, ముంత చేతికిచ్చింది. నేను వీపు రాతికి ఆనించి చదివి వినిపించాను.

"మొత్తం ఎన్నేళ్లయినట్టు?" అంది.

"ఇరవై ఎనిమిది కోట్లు."

ఆమె గరిటెతో అంబలి కలుపుతూ ఒకసారి పై బండల వైపు చూసింది.

"సాల్లెండి బావూ" అంది. "అంతవరకూ ఉంటే సాలు."